ఈ రాత్రికి ఎక్కడ పడుకోవాలి?

మా ఆఫీసు మాసబ్ ట్యాంక్‌లో, శాంతినగర్ వైపు వెళ్లే ఒక సందులో ఉంది. మేడ మీద రెండు గదులు. ఫ్యామిలీ కేసులు చూస్తాను. కోర్టు పని లేని రోజుల్లో మధ్యాహ్నం ఒంటిగంట నుంచి రెండున్నర దాకా ఇంకే పనీ పెట్టుకోను. ఆడవాళ్లు వచ్చేది ఆ వేళలోనే. చుట్టూ అన్నీ ఆఫీసులు: సంక్షేమ భవన్, ఖనిజ్ భవన్, ఇన్‌కమ్ ట్యాక్స్ టవర్స్, పాలిటెక్నిక్, ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ. లంచ్ టైమ్‌లో ఎక్కడికి పోయావని ఇంట్లో అడిగేవాళ్లుండరు. డబ్బా సంచిలోనే ఉంటుంది. మాటలయ్యాక మా బెంచీ మీదే నాలుగు ముద్దలు తిని, మొహం కడుక్కుని, మళ్లీ డ్యూటీకి పోతారు.

వాళ్లలో చాలామంది విడాకులడగరు. "విడాకుల దాకా పోకుండా ఏమన్నా చేయొచ్చా మేడమ్?" అంటారు. పదేళ్లుగా, ఇరవై ఏళ్లుగా మొగుడితో సుఖం లేదని చెప్పిన నోటితోనే ఆ మాట అంటారు. మా జూనియర్లకు మొదట్లో ఇది అంతుపట్టదు. ఇంత బాధ పడుతూ ఇంకా ఆ ఇంట్లోనే ఎందుకుంటున్నారని నన్నడుగుతారు.

పిల్లల కోసం, పరువు కోసం, నలుగురి కోసం అని అందరూ చెప్తారు. అవి అబద్ధాలు కావు. కానీ నేను ముందుగా అడిగేది వేరే. "ఇవాళ బయటికొస్తే ఈ రాత్రికి ఎక్కడ పడుకుంటావమ్మా?" దీనికి జవాబున్న మనిషి కలిసుండటమో విడిపోవడమో కొన్నాళ్లలో తేల్చుకుంటుంది. జవాబు లేని మనిషి ఎన్నేళ్లయినా ఆ ఇంట్లోనే కనిపిస్తుంది. ప్రేమ ఎంత మిగిలింది, కోపం ఎంత పెరిగింది అన్నవాటికంటే ఈ ఒక్క జవాబే ఎక్కువ కాపురాలను నిలబెడుతోందని నా అనుభవం చెప్తోంది.

ఒకావిడ సంగతి చెప్తాను. గుర్తుపట్టకుండా వివరాలు మార్చాను. ఇక్కడే ఒక ఆఫీసులో ఔట్‌సోర్సింగ్ మీద డేటా ఎంట్రీ చేస్తుంది. జీతం 22 వేలు, అదీ రెండు మూడు నెలలకోసారి కలిపి పడుతుంది. తొమ్మిదేళ్ల బాబు. భర్త కొట్టడు, తాగడు. మాట్లాడడు. అలిగితే నెలల తరబడి ఆమె ఇంట్లో లేనట్టే తిరుగుతాడు, కొడుకు చేత కబుర్లు పంపిస్తాడు. "కొట్టినా బాగుండు మేడమ్, నలుగురికి చూపియ్యొచ్చు" అంది ఒకరోజు. ఆ మాట అన్నందుకు వెంటనే చెంపలు వేసుకుంది.

ఒకసారి ఆమె నిజంగానే బయల్దేరింది. ముందు అమీర్‌పేట, ఎస్సార్ నగర్ లేడీస్ హాస్టళ్లన్నీ తిరిగింది. ఊళ్ల నుంచి కోర్సులకని, ఉద్యోగాలకని వచ్చే అమ్మాయిలకు ఆ హాస్టళ్లు పెద్ద ఆసరా. నెల డబ్బు కడితే మంచం, అన్నం, వైఫై. బాబు సంగతి చెప్పేసరికి అందరూ తల అడ్డంగా ఊపారు, పిల్లల్ని పెట్టుకోం అన్నారు. తర్వాత అద్దె ఇళ్లు చూసింది. టులెట్ బోర్డు మీద 'ఓన్లీ ఫర్ ఫ్యామిలీస్' అని ఉంటుంది. తల్లీ కొడుకూ ఫ్యామిలీ కాదా? గేటు దగ్గరే అడిగారు: "సార్ ఏం జేస్తరమ్మా?" ఊళ్లో ఉంటారని ఒకచోట అబద్ధం చెప్పింది. ఆధార్ కార్డు తెమ్మన్నారు, ఇద్దరిదీ. రెండు నెలల అడ్వాన్సు అన్నారు. ఆమె దగ్గర ఉన్నది ఒక చీటీ డబ్బు, అదీ భర్త పేరు మీద. పెళ్లినాటి నగలు అత్తగారి లాకర్లో.

చివరికి సిద్దిపేట దగ్గర తల్లిగారింటికి పోయింది. తండ్రి కంటతడి పెట్టాడు. "బిడ్డా, నేను పెద్దమనుషులతోని మాట్లాడుత. నువ్వైతే జర ఓపిక పట్టు" అన్నాడు. అన్నావదినలు ఏమీ అనలేదు, బాబును ఏ బడిలో వేస్తావని మాత్రం రోజూ అడిగారు. పది రోజులకు తల్లి ఒడిబియ్యం పోసి, కొత్త చీర కట్టించి బస్సెక్కించింది. మన దగ్గర ఒడిబియ్యం ఎంత ప్రేమగా పోస్తారో చెప్పక్కర్లేదు. పోసినవాళ్లు ప్రేమగానే పోశారు. ఆమె తిరిగి భర్త ఇంటికి చేరింది, ఇప్పటికీ అక్కడే ఉంది.

ఇలాంటి కాపురం ప్రభుత్వ లెక్కల్లో 'వివాహిత' అన్న గడిలో పడుతుంది. 2011 జనగణన ప్రకారం దేశంలో విడాకులు పొందినవారు సుమారు 13.6 లక్షల మంది. విడాకులు లేకుండా విడిగా ఉంటున్నామని చెప్పినవారు దానికి దాదాపు మూడు రెట్లు. ఒకే తలుపు వెనక రెండు వంటలు వండుకునేవాళ్లు ఈ రెండు లెక్కల్లోనూ లేరు. విజయనగర్ కాలనీలో నాకు తెలిసిన ఒక జంట కింద ఆయన, పైన ఆవిడ. కరెంటు మీటర్లు కూడా వేరు. పెళ్లిళ్లకు మాత్రం కలిసి వెళ్తారు, ఒకే కవరు మీద ఇద్దరి పేర్లు రాసి చదివింపులు చదివిస్తారు. పిల్లలకు సంబంధాలు కుదిరేదాకా ఇంతేనని ఇద్దరూ మాట అనుకున్నారట. వాళ్ల అబ్బాయి పెళ్లయి ఆరేళ్లయింది. ఏర్పాటు అలాగే ఉంది, ఎందుకంటే ఇల్లు ఇద్దరి పేరు మీదా ఉంది. అమ్మి పంచుకుంటే ఆ వయసులో ఏ ఒక్కరికీ ఆ పేటలో ఇంకో ఇల్లు రాదు.

చట్టం సంగతికొస్తాను. బాధలో ఉన్న దంపతులకు చట్టం పెట్టే పరీక్ష ఏమిటో చాలామందికి తెలియదు.

ఆంధ్ర ప్రాంతంలో హిందువులకు విడాకుల హక్కు 1949లో మద్రాసు రాష్ట్ర చట్టంతో వచ్చింది. దేశమంతటికీ 1955 హిందూ వివాహ చట్టంతో వచ్చింది. అంతకుముందే చాలా కులాల్లో కుల పంచాయితీలో తెగతెంపులు, ఆ తర్వాత మారుమనువు ఉండేవి. ఆ ఆచారాన్ని 1955 చట్టం కూడా తుడిచెయ్యలేదు. ఇద్దరూ ఇష్టపడి విడిపోయే సెక్షన్, మనం 'మ్యూచువల్' అనేది, 1976లో చేరింది. ఏడాది విడిగా ఉండాలి, పిటిషన్ వేశాక ఆరు నెలలు ఆగాలి. ఆ ఆరు నెలల్ని అవసరమైతే కోర్టు మాఫీ చెయ్యవచ్చని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది.

ఇద్దరిలో ఒకరు సంతకం పెట్టనంటేనే అసలు చిక్కు. అప్పుడు క్రూరత్వమో, వదిలేసి పోవడమో, వ్యభిచారమో ఏదో ఒక తప్పు రుజువు చెయ్యాలి. కాపురం పూర్తిగా చచ్చిపోయిందన్న కారణం ఒక్కటే చాలదు. 2023 మే 1న రాజ్యాంగ ధర్మాసనం ఆ కారణం మీద పెళ్లి రద్దు చేసే అధికారం తనకుందని ప్రకటించింది, కానీ అది సుప్రీంకోర్టుకే. పురానీ హవేలీలోని మన ఫ్యామిలీ కోర్టుకు ఆ వీలు లేదు. అందుకే నా ముందు కూర్చున్న మనిషి "ఆయన చెడ్డోడు కాదు మేడమ్. ఆయన ఇంట్ల ఉన్నంతసేపు నాకు ఊపిరాడదు, అంతే" అన్నప్పుడు నేను పిటిషన్‌లో రాయగలిగింది ఏమీ ఉండదు. విడాకులు కావాలంటే తన పిల్లల తండ్రిని క్రూరుడని కాగితం మీద రాసి, క్రాస్ ఎగ్జామినేషన్‌లో నిలబడి, ఏళ్ల తరబడి వాయిదాలకు తిరగాలి. మర్యాదస్తులు ఆ పని చెయ్యలేరు. ఉండిపోయినవాళ్లలో పిరికివాళ్లకంటే ఇలాంటి మర్యాదస్తులనే నేను ఎక్కువ చూశాను.

కాపురానికి రమ్మని వేసే కేసు ఇంకొకటుంది, సెక్షన్ 9. దాని మీద మన హైకోర్టు ఒకప్పుడు చరిత్ర రాసింది. హైస్కూల్లో ఉండగానే పెళ్లయిన నటి సరిత మీద భర్త కడప కోర్టులో ఆ కేసు వేశారు. అది హైదరాబాద్ దాకా వచ్చింది. 1983 జూలైలో జస్టిస్ పి.ఎ. చౌదరి ఆ సెక్షనే రాజ్యాంగ విరుద్ధమని కొట్టేశారు. ఇష్టంలేని ఆడమనిషిని కోర్టు ఉత్తర్వుతో పడకగదికి పంపడం ఆమె శరీరం మీద, ఆమె ఏకాంతం మీద దాడి అన్నది ఆ తీర్పు సారం. మరుసటి ఏడాదే ఇంకో కేసులో సుప్రీంకోర్టు ఆ వాదనను ఒప్పుకోలేదు, సెక్షన్ నిలిచింది. 2017లో ప్రైవసీ ప్రాథమిక హక్కు అని సుప్రీంకోర్టు తేల్చినప్పుడు నేను ఆ పాత తీర్పు తీసి మళ్లీ మొత్తం చదివాను. హైదరాబాద్ న్యాయమూర్తి ముప్పై నాలుగేళ్ల ముందే ఆ దారిలో నడిచారు. ఇప్పటికీ కాపురానికి రమ్మన్న నోటీసు అందుకున్న అమ్మాయిలు పోలీసులొచ్చి తీసుకుపోతారేమోనని వణుకుతూ వస్తారు. అలా ఎవరూ ఎత్తుకుపోరు. ఆ డిక్రీని పాటించకపోతే ఆస్తి జప్తు వరకే చట్టం చెప్తుంది, మనిషిని ఈడ్చుకుపొమ్మని చెప్పదు.

మా హుమాయూన్ నగర్ వైపు ముస్లిం స్త్రీలకు ఖులా ఉంది, అంటే భార్య తనంతట తాను కోరే విడాకులు. భర్త ఒప్పుకోకపోతే చెల్లదేమోనని ఏళ్లకేళ్లు ఆగినవాళ్లున్నారు. ఖులా కోరడం స్త్రీకి పూర్తి హక్కని, దానికి భర్త సమ్మతి అక్కర్లేదని 2025 జూన్‌లో తెలంగాణ హైకోర్టు స్పష్టంగా చెప్పింది. ఆ తీర్పు గురించి అడుగుతూ ఒక తల్లి కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చింది. తల్లి తనే కూతురి తరఫున అడగడం చూసి నాకు సంతోషమైంది.

మగవాళ్లూ వస్తారు, ఎక్కువగా సాయంత్రాలు, చీకటి పడ్డాక. వాళ్లకు ఇల్లు పోతుందన్న భయం తక్కువ. పిల్లలు పోతారన్న భయం ఎక్కువ. అయిదేళ్లలోపు బిడ్డ మామూలుగా తల్లి దగ్గరే ఉండాలని 1956 చట్టం చెప్తుంది. ఆ తర్వాత కూడా కేసు నడిచినన్నాళ్లు తండ్రికి దక్కేది తరచుగా కోర్టు ఆవరణలో గంటో రెండు గంటలో. ఒకాయన నిజామాబాద్‌కు ట్రాన్స్‌ఫర్ పెట్టించుకుని శనివారం సాయంత్రం ఇంటికొచ్చి సోమవారం తెల్లారుజామున వెళ్లిపోతాడు. పన్నెండేళ్లుగా అదే పద్ధతి. "తలుపు తీసేది నా బిడ్డ మేడమ్. నానా అంటది. గా ఒక్క మాట కోసం వస్త" అన్నాడు. భార్య మీద కేసు వెయ్యనంటాడు. ఆమె వేధింపుల కేసు, పాత 498ఎ, పెడుతుందేమోనన్న భయం కొంతమందికి ఉంటుంది, ఈయనకు అదీ లేదు.

పిల్లల మాట వచ్చింది కాబట్టి చెప్తాను. అమెరికాలో పాల్ అమాటో, ఆలన్ బూత్ అనే సామాజిక శాస్త్రవేత్తలు కుటుంబాలను ఏళ్ల తరబడి గమనించి 1997లో ఒక పుస్తకం వేశారు. రోజూ కొట్లాటలున్న ఇంట్లో తల్లిదండ్రులు విడిపోతే పిల్లలు తర్వాత మెరుగ్గానే ఉన్నారు. బయటికి పెద్ద గొడవ కనపడని ఇంట్లో విడిపోతే పిల్లలు దెబ్బతిన్నారు. అంటే 'పిల్లల కోసం' అన్న జవాబు కొన్ని ఇళ్లలో నిజం, కొన్ని ఇళ్లలో తిరగబడిన నిజం. మీ ఇల్లు ఏ రకమో మీ పిల్లల్నే అడగండి అంటాను నేను. పదేళ్లు దాటిన పిల్లలకు తెలియనిది ఏమీ ఉండదు.

అదే దేశంలో క్యారిల్ రస్‌బల్ట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1980ల్లో ఒక సంగతి తేల్చింది. బంధంలో మనిషి నిలబడటానికి తృప్తి ఒక్కటే కారణం కాదు. ఆ బంధంలో అప్పటికే పెట్టినదెంత, బయట ఉన్న దారులేమిటి అన్నవి కూడా అంతే బలంగా పట్టి ఉంచుతాయి. 1995లో ఆమె, ఆమె సహచరుడు కలిసి దెబ్బలు తిని షెల్టర్‌కు చేరిన స్త్రీలను పరిశీలించారు. చదువు, సంపాదన, బండి లాంటి ఆసరాలు తక్కువున్నవాళ్లే ఎక్కువగా కొట్టిన మనిషి దగ్గరికి తిరిగి వెళ్లారు. అది చదివినప్పుడు నాకు మా బెంచీ మీద కూర్చునే ఆడవాళ్లే కళ్లముందు మెదిలారు.

కొట్టే ఇంటి గురించి మాత్రం నేను మెత్తగా మాట్లాడను. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, ఏదో ఒక కారణానికి భార్యను భర్త కొట్టడం సబబేనన్న స్త్రీలు తెలంగాణలో 84 శాతం, ఆంధ్రప్రదేశ్‌లోనూ 84 శాతం. దేశంలో ఇవే అన్నిటికంటే ఎక్కువ. అత్తమామల్ని గౌరవించకపోవడం, ఇల్లూ పిల్లల్నీ పట్టించుకోకపోవడం లాంటి కారణాలు అడిగితే అవునన్నారు. వాళ్లకు దెబ్బలంటే ఇష్టమా? కాదు. చిన్నప్పటి నుంచి విన్నది చెప్పారు. ఒక్కసారి చెయ్యి ఎత్తినా 181కి ఫోన్ చెయ్యండి. అసెంబ్లీ ఎదురుగా హాకా భవన్‌లో 2016 నుంచి భరోసా కేంద్రం ఉంది. పోలీసు, డాక్టరు, లాయరు, కౌన్సెలర్ ఒకే చోట దొరుకుతారు. అక్కడికి పోయినంత మాత్రాన కాపురం తెగిపోదు.

ఇక మధ్యాహ్నం వచ్చేవాళ్ల ప్రశ్నకు జవాబు. విడాకులు లేకుండా చేయగలిగింది చాలా ఉంది. గృహహింస చట్టం 2006 అక్టోబర్ నుంచి అమల్లో ఉంది. ఇల్లు ఎవరి పేరు మీదున్నా కాపురం చేసిన ఇంట్లో ఉండే హక్కు దాని కింద భార్యకుంది. అత్తమామల ఇల్లయినా సరేనని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది. మాటలతో, మానసికంగా, డబ్బులివ్వకుండా వేధించడం కూడా ఆ చట్టం కింద హింసే. తగిన కారణం ఉంటే విడాకుల్లేకుండానే విడిగా ఉండి భరణం అడగవచ్చు. మెయింటెనెన్స్ పిటిషన్ వేసిన రోజు నుంచే లెక్క కట్టాలని కూడా 2020లోనే తీర్పు వచ్చింది. పుట్టింటివాళ్లు పెట్టిన నగలు పూర్తిగా ఆమెవేనని, దాచుకున్నవాళ్లు తిరిగి ఇవ్వకపోతే నేరమని 1985 నాటి తీర్పు ఉంది. పంజాగుట్ట దుకాణాల్లో కొన్న నగల బిల్లులు, పెళ్లి ఫొటోలు, జీతం స్లిప్పులు, పిల్లల సర్టిఫికెట్లు జిరాక్స్ తీసి నమ్మకమైనవాళ్ల దగ్గర పెట్టమంటాను. బ్యాంకులో సొంత పేరు మీద ఖాతా తెరవమంటాను.

ఇవన్నీ చేసినా ఆ రాత్రి సమస్య మిగిలే ఉంటుంది. అది తీర్చగలిగింది కోర్టు కంటే పుట్టిల్లే. దుర్గాబాయి దేశ్‌ముఖ్ జీవితం దీనికి సాక్ష్యం. రాజమండ్రి పిల్ల. ఎనిమిదేళ్లకే పెళ్లి చేశారు. ఊహ తెలిశాక ఆ కాపురానికి వెళ్లనంది. ఇరవయ్యో శతాబ్దం తొలి రోజుల్లో, బ్రాహ్మణ కుటుంబంలో! తండ్రి, సోదరుడు ఆమె పక్షాన నిలిచారు. ఆ ఇల్లు ఆమెను అట్టే పెట్టుకుంది కాబట్టే తర్వాత ఆంధ్ర మహిళా సభ వచ్చింది, రాజ్యాంగ సభలో ఒక తెలుగు స్త్రీ గొంతు వినిపించింది. 1953లో చైనా వెళ్లొచ్చి మనకూ కుటుంబ కోర్టులు కావాలని నెహ్రూకూ పెద్ద న్యాయమూర్తులకూ చెప్పింది. 1984లో ఆ చట్టం వచ్చేనాటికి ఆమె కన్నుమూసి మూడేళ్లు. నేను రోజూ వాదించే కోర్టు ఒక విధంగా తిరిగొచ్చిన కూతుర్ని ఆదరించిన ఇంటి నుంచి పుట్టింది. అలాంటి తండ్రులు ఇంకా చాలామంది కావాలి.

ఉమ్మడి ఆస్తిలో కూతురికి వాటా మన దగ్గరే ముందు వచ్చింది. 1985లో ఎన్టీ రామారావు ప్రభుత్వం పెళ్లికాని కూతుళ్లకు ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమాన వాటా ఇచ్చింది. 2005లో దేశమంతా, పెళ్లయిన కూతుళ్లకు కూడా వచ్చింది. ఆచరణలో ఏం జరుగుతోంది? అన్నదమ్ములు తెచ్చిన, వాటా వదులుకుంటున్నానన్న రిలీజ్ డీడ్ మీద ఆడబిడ్డ సంతకం పెట్టేస్తుంది. పెట్టకపోతే తల్లిగారిల్లు దూరమవుతుందన్న భయం. పెట్టాక, అవసరం పడ్డ రోజున, ఆ ఇంట్లో ఆమె చుట్టపుచూపు మనిషి. ఆ కాగితం తీసుకుని నా దగ్గరికొచ్చే ప్రతి ఆడబిడ్డకూ ఇంటికి పోయి రెండు రోజులు ఆలోచించి రమ్మని చెప్తాను. కొందరు అన్నదమ్ములకు నా మీద కోపం వచ్చింది, వస్తే రానీ.

ఈమధ్య ఒక రిటైర్డ్ టీచరుగారు వీలునామా రాయించడానికి వచ్చారు. ఇద్దరు కొడుకులు, ఒక కూతురు. రెండంతస్తుల ఇల్లు, తలా ఒక అంతస్తు కొడుకులకు. బిడ్డకు పెండ్లప్పుడు ఇచ్చినం కదా అన్నారు. "రేపు ఏదన్నా అయి ఆ అమ్మాయి వస్తే ఎక్కడుంటుంది సార్?" అని అడిగాను. ఆయన కాగితాలు మడిచి జేబులో పెట్టుకుని వెళ్లిపోయారు. తర్వాతి వారం భార్యతో వచ్చారు. ఈసారి ఆవిడే మాట్లాడింది. కింది అంతస్తులో వీధి వైపు గది, దానికి ఆనుకున్న బాత్రూమ్, బతికున్నంతకాలం ఉండే హక్కు బిడ్డ పేరున రాయమంది. కొడుకుల సంతకాలు కావాలా అని ఆయన అడిగారు. స్వార్జితం కాబట్టి ఎవరి ఒప్పుదలా అక్కర్లేదని, సాక్షులు ఇద్దరుంటే చాలని చెప్పాను. "ఈ సంగతి బిడ్డకు ఇప్పుడే చెప్పాల్నా, మేం పోయినంక తెలిస్తే సరిపోతదా?" అంది ఆవిడ. ఇంటికి పోగానే ఫోన్ చేసి చెప్పమన్నాను.